సమాధానం: స్టేట్ యూనివర్సిటీలో మతం మీద కోర్సు చెప్పడం

స్టేట్ యూనివర్సిటీలో 'అమెరికా జనజీవనంలో మతం' కోర్సు మీకు అప్పగించారని, ప్రభుత్వ సంస్థలో మతం గురించి పాఠం చెప్పొచ్చా, క్లాసులో గొడవైతే ఎలా అని అడిగారు.

మొదటిదానికి టెన్షన్ అక్కర్లేదండీ. 1963లో ఆబింగ్టన్ వర్సెస్ షెంప్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో ప్రార్థనలా బైబిల్ చదివించడాన్ని కొట్టేసింది. మతాన్ని చదువులో భాగంగా, పక్షపాతం లేకుండా చెప్పడానికి అడ్డు లేదని కూడా ఆ తీర్పులోనే ఉంది. సిలబస్ మొదటి పేజీలో ఆ ముక్క పెట్టేయండి.

ఇక గొడవ సంగతి. "మీరేం నమ్ముతారు?" అని మాత్రం అడగకండి, ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. దానికి బదులు కేసు ఇవ్వండి. నేనైతే జెండా వందనంతో మొదలుపెడతాను. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ పిల్లలు, మా మతం ఒప్పుకోదు, జెండాకు సెల్యూట్ చెయ్యబోమంటే, బడి బలవంతం చేయొచ్చని 1940లో కోర్టు అంది. 1943లో బార్నెట్ కేసులో ఆ మాట తనే మార్చుకుంది. ఏ కోర్టు ఏమందో ముందే చెప్పేయకుండా, పిల్లల వాదన ఒక గుంపుకి, బడి వాదన ఇంకో గుంపుకి ఇవ్వండి. సగం క్లాసయ్యాక పక్షాలు మార్చండి. అప్పుడు మాట మనుషుల మీదకి పోదు. (1986లో జాతీయగీతం పాడబోమన్న కేరళ పిల్లల కేసులో మన సుప్రీంకోర్టు కూడా బార్నెట్‌ను ప్రస్తావించింది.)

వలసల వారానికి ఆసియా వాళ్లకి అమెరికా తలుపులు తెరిచిన 1965 ఇమిగ్రేషన్ చట్టం, అక్కడి పిట్స్‌బర్గ్‌లో మనవాళ్లు కట్టుకున్న వేంకటేశ్వరాలయం చాలు. కోర్సంతా మన గుళ్ల చుట్టూ తిప్పకండి. నల్లజాతి చర్చిలకు కనీసం రెండు వారాలు ఉంచండి, అవి వదిలేస్తే పౌరహక్కుల ఉద్యమం సగమే అర్థమవుతుంది.