అమ్మలూ, ర్యాంకు కంటే ముందు స్టేషన్ చూడు

అమ్మలూ,

మంచు పడే ఊళ్ళోనే చదువుతావట, కారు వద్దట, ట్రైన్‌లోనే వెళ్ళొస్తావట. నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పట్నుంచి ఒకపక్క గర్వంగా ఉంది, ఇంకోపక్క రాత్రంతా నిద్ర లేదు. మార్కులు యావరేజ్ అని తల దించుకోకు, అప్లై చేసినవాళ్ళలో ఎక్కువమందిని తీసుకునే మంచి స్టేట్ యూనివర్సిటీలున్నాయి. ఫీజులు, డెడ్‌లైన్లు నువ్వు చూస్కోగలవు.

నా భయమంతా స్టేషన్ గురించే. నేను కాలేజీ ఎంచుకున్నప్పుడు మ్యాప్‌లో రైలు గీత పక్కన ఊరి పేరుంటే చాలనుకున్నా, రోజుకి ఒక్కటే బండి, అదీ అర్ధరాత్రి అని చూస్కోలేదు. జనవరిలో సెలవులయ్యాక తిరిగెళ్తుంటే గూడ్సు బండ్లకి దారిస్తూ దారిస్తూ (ఇక్కడ అమెరికాలో పట్టాలు చాలాచోట్ల గూడ్సు కంపెనీలవే) దిగేసరికి తెల్లారుజాము మూడు. స్టేషన్‌కి తాళం. టాక్సీ లేదు. కాళ్ళకి కాన్వాస్ బూట్లు, కాటన్ సాక్సు. సూట్‌కేస్ చక్రాలు మంచులో తిరక్కపోతే ఈడ్చుకుంటూ రెండు మైళ్ళు నడిచా. రూమ్‌కొచ్చి సాక్సు తీస్తే వేళ్ళు కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి, గిల్లినా తెలీట్లేదు, కంగారులో హీటర్‌కి ఆనించేశా. స్పర్శ లేదు కదా, కాలుతున్నా తెలీలేదు. ఎడమకాలి చిటికెనవేలు ఇప్పటికీ చలికాలమొస్తే తిమ్మిరే. అలాంటప్పుడు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టాలి తల్లీ, రుద్దకూడదు, వెంటనే డాక్టర్ దగ్గరికెళ్ళాలి. ఇది మీ అమ్మమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

అందుకే బండి ఎన్నింటికొస్తుందో, స్టేషన్ నుంచి డార్మ్ (హాస్టల్) ఎంత దూరమో ముందు చూడు. న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీకైతే డర్హమ్‌లో క్యాంపస్‌లోనే స్టేషన్, బాస్టన్ నుంచి డౌన్‌ఈస్టర్ అనే రైలు రోజుకి చాలాసార్లు తిరుగుతుంది. కాకపోతే అది బాస్టన్‌లో నార్త్ స్టేషన్‌లో ఎక్కాలి, మీ న్యూజెర్సీ నుంచొచ్చే బండి సౌత్ స్టేషన్‌కి పోతుంది, నువ్వు దానికి ముందు స్టేషన్ బ్యాక్ బేలో దిగి నార్త్ స్టేషన్‌కి ఆరెంజ్ లైన్ మెట్రో ఎక్కు. వెర్మాంట్‌లో బర్లింగ్‌టన్‌కి 2022 నుంచి న్యూయార్క్ బండి నేరుగా వెళ్తోంది, కానీ రోజుకి ఒక్కటే, చేరేది రాత్రికి. స్టేషనేమో సరస్సు ఒడ్డున, యూనివర్సిటీ గుట్ట మీద. ఆ టైముకి బస్సుంటుందో లేదో ఫోన్ చేసి కనుక్కో, సిగ్గుపడకు. డిసెంబర్ సెలవుల్లో డార్మ్ మూసేస్తారా అనీ అడుగు.

ఉన్ని సాక్సులు నాలుగు జతలు పంపిస్తున్నా. మొదటిసారి వెళ్ళేటప్పుడు నేనూ వస్తా, వద్దన్నా వస్తా. ఏ రోజో చెప్పు, టికెట్ తీస్కుంటా.

పెద్దమ్మ