బంతి దగ్గర లేనప్పుడు ఏం చేస్తోందో చూడు

చెల్లీ,

నీ వ్యాసం చదివాను. ముందు ఒక మాట, నన్ను మేడమ్ అనకు, అక్కా అను చాలు. ఆంటీ అన్నావంటే మాత్రం జవాబు రాదు. భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు ఎలా ఎదిగిందో తెలుగులో ఎవరైనా పూనుకుని రాస్తున్నారంటేనే నాకు సంతోషం. అందులోనూ ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన అమ్మాయి, హైదరాబాద్‌లో కూర్చొని, క్రికెట్ గురించి రాస్తే ఇంతకు పది రెట్లు మంది చదువుతారని తెలిసి కూడా రాస్తోందంటే ఇంకా సంతోషం. పొగడ్తలు ఇక్కడితో ఆపుతున్నా, ఏమీ అనుకోకు.

మొదటి పేజీ మొత్తం రేకుల ఇల్లు, కూలికి పోయే తల్లి, చిరిగిన బూట్లు, ఊళ్లోవాళ్ల సూటిపోటి మాటలు. బంతి ఎక్కడా లేదు. అవన్నీ అబద్ధాలని నేననడం లేదు, చాలామంది అమ్మాయిలు నిజంగానే అక్కడి నుంచి వచ్చారు. కానీ ఒక పని చేసి చూడు. ఆ పేజీలో ప్లేయర్ పేరు కొట్టేసి ఒక కబడ్డీ అమ్మాయి పేరు పెట్టు, తర్వాత ఒక బాక్సర్ పేరు పెట్టు. ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు, అవునా? మరి అందులో ఫుట్‌బాల్ ఎక్కడుంది? మగవాళ్ల మ్యాచ్ గురించి రాసేటప్పుడు ఏ పొజిషన్‌లో ఆడాడు, ఏ కాలుతో కొట్టాడు, కోచ్ ఎవర్ని మార్చాడు అని రాస్తాం, ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి అమ్మానాన్నలు ఏడ్చారా లేదా అని రాస్తాం. జాలితో రాస్తే చదివేవాళ్లు కళ్లు తుడుచుకుని, షేర్ చేసి, మర్చిపోతారు. తర్వాతి మ్యాచ్ ఎప్పుడో కూడా చూడరు.

2025 జులై 5, చియాంగ్ మాయ్. నువ్వు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశావు, ‘థాయ్‌లాండ్‌ను ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించారు’ అని. అయ్యో, అక్కడే కదా ఆగాల్సింది! అప్పటికి మనవాళ్లు మంగోలియా మీద 13, తిమోర్ లెస్టె మీద 4, ఇరాక్ మీద 5 కొట్టి, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా వచ్చారు. థాయ్‌లాండ్‌ కూడా మూడూ గెలిచి, సరిగ్గా అంతే గోల్ తేడాతో కూర్చుంది. ఆడేది వాళ్ల దేశంలో. ర్యాంకుల్లో వాళ్లు 46, మనం 70. పైగా 2015, 2019 ప్రపంచకప్‌లు ఆడొచ్చిన జట్టు అది. సంగీతా బాస్ఫోర్ మొదటి గోల్ దూరం నుంచి కొట్టింది, విరామం తర్వాత కాసేపటికే వాళ్లు సమం చేశారు, డెబ్బై నాలుగో నిమిషంలో మళ్లీ సంగీతే, ఈసారి తలతో. ఆమె స్ట్రైకర్ కాదు, మిడ్‌ఫీల్డర్, అది గుర్తు పెట్టుకో. ఆ తర్వాత మిగిలిన పావుగంట పైచిలుకు మనవాళ్లు ఆ ఆధిక్యాన్ని ఎలా కాపాడుకున్నారు, బంతి ఎవరి దగ్గర పెట్టుకున్నారు, ఎంత దూరం వెనక్కి జరిగారు, ఇవి చూసి రాస్తే నీ వ్యాసం ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. మ్యాచ్ దొరికితే మొత్తం చూడు, హైలైట్స్ కాదు.

ఇక నీ వ్యాసంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన చోటు. 1975లో మహిళల ఫుట్‌బాల్‌కి విడిగా ఒక ఫెడరేషన్ పెట్టుకున్నారని రాశావు, బాగుంది. 1980లో కోళికోడ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో రెండో స్థానం, 1981లో మూడో స్థానం, 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ రెండో స్థానం, అదే ఏడాది శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు, మహిళా ఫుట్‌బాలర్లలో మొదటిది. ఇదంతా చక్కగా రాసి, వెంటనే ‘ఆ తర్వాత కాస్త వెనకబడ్డా’ అని ఒక్క దూకులో 2016కి వచ్చేశావు. ముప్పై ఏళ్లు పైనే ఎగిరిపోయాయి! జట్టు ఎదిగిన తీరు రాయాలంటే అసలు కథ ఆ ఎగిరిపోయిన ఏళ్లలోనే ఉంది, నన్నడిగితే నీ వ్యాసం మొదలవ్వాల్సింది అక్కడే.

ముందు ఆ రజతాల సంగతి. అదొక స్వర్ణయుగం అన్నట్టు రాశావు, కాస్త తగ్గించు. ఆ పోటీలు అప్పట్లో మగవాళ్ల ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఏఎఫ్‌సీ కింద లేవు, విడిగా ఉన్న ఒక మహిళల సమాఖ్య నడిపేది. చాలా దేశాలు ఇంకా రంగంలోకే దిగలేదు. చైనా మొదటిసారి వచ్చింది 1986లో, వచ్చిన మొదటిసారే కప్పు ఎత్తుకెళ్లింది. 1991లో మహిళల ప్రపంచకప్ చైనాలోనే మొదలైంది. అంటే పక్కవాళ్లు పరుగు మొదలుపెట్టారు, మనం ఉన్నచోటే ఉండిపోయాం. తొంభైల మొదట్లో ఆట జాతీయ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఏఐఎఫ్ఎఫ్ చేతికి వచ్చాక కూడా పెద్దగా మారలేదు. 1998 ఆసియా క్రీడల్లో చైనా మన మీద 16 గోల్స్ కొట్టింది, మనం సున్నా. పదిహేనేళ్ల కింద ఆసియాలో రెండో జట్టు! ఇది వ్యాసంలో లేకుండా ఎలా రాస్తావు? మన జట్టు పరువు పోతుందని దాచావా, తెలియక వదిలేశావా? తెలియకపోతే ఫర్వాలేదు, ఇప్పుడు తెలిసింది కదా.

ఎందుకలా అయిందంటే, ‘ప్రోత్సాహం కరవు’ అని రాయకు, దయచేసి. ఆ మాట మన పేపర్లలో ప్రతి ఆటకీ వాడేస్తారు, దాంతో ఎవరికీ ఏమీ అర్థం కాదు. మ్యాచ్‌లు లేవు, అంతే. మగవాళ్లకి జాతీయ లీగ్ 1996లో వచ్చింది, ఆడవాళ్లకి ఇండియన్ విమెన్స్ లీగ్ రావడానికి 2016-17 దాకా పట్టింది. మధ్యలో ఒక అమ్మాయి ఏడాది ఎలా గడిచేదో ఊహించు. సెలక్షన్స్, రాష్ట్రం క్యాంప్, నేషనల్స్, ఆపైన ఇంటికి. మళ్లీ వచ్చే ఏడాది దాకా ఎవరితో ఆడాలి? 2003 తర్వాత ఆసియా కప్‌లో మన జట్టు మళ్లీ కనబడింది 2022లో, అదీ ఆతిథ్య దేశంగా. ఆ మధ్యలో కెరీర్ మొత్తం అయిపోయిన వాళ్లున్నారు. దేశానికి ఆడామని చెప్పుకుంటారు, కానీ చెప్పుకోదగ్గ మ్యాచ్‌లు ఆడే అవకాశమే వాళ్లకి రాలేదు.

2022 గురించి కూడా కొంచెం నెమ్మదిగా రాయి. దానికి ముందు మొదటిసారి జట్టుని దేశదేశాలూ తిప్పి మ్యాచ్‌లు ఆడించారు. 2021 నవంబర్‌లో మనౌస్‌లో బ్రెజిల్‌తో 6-1తో ఓడాం. ఆ ఒక్క గోల్ మనీషా కళ్యాణ్ ఎనిమిదో నిమిషంలో కొట్టింది, బ్రెజిల్ దిగ్గజం ఫోర్మీగా వీడ్కోలు మ్యాచ్‌లో, ఆ జనం ముందు. ఇలా తయారై ఆసియా కప్‌కి ముంబైకి వస్తే ఇరాన్‌తో 0-0 అయిన తర్వాత క్యాంప్‌లో కోవిడ్ పాకి, చైనీస్ తైపేతో మ్యాచ్‌కి పదమూడు మంది పేర్లు కూడా ఇవ్వలేక టోర్నీ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. ఆగస్టులో ఫిఫా మన ఫెడరేషన్‌ని సస్పెండ్ చేసింది, ఆసియా క్లబ్ పోటీకని అప్పటికే తాష్కెంట్ చేరిన గోకులం కేరళ క్లబ్ అమ్మాయిలు అక్కడ ఆడకుండానే వెనక్కి వచ్చారు. అక్టోబర్‌లో అండర్-17 ప్రపంచకప్, భువనేశ్వర్‌లో అమెరికా చేతిలో 8-0. ఇందులో ఆడపిల్లలు చేసిన తప్పేమిటో ఒకటి చెప్పు.

మన పక్కనే బంగ్లాదేశ్ ఉంది, దాని గురించి ఒక్క ముక్క లేదు నీ వ్యాసంలో. దక్షిణాసియా జట్ల శాఫ్ మహిళల టైటిల్ 2010 నుంచి 2019 దాకా ఐదుకి ఐదూ మనవే అని గర్వంగా రాశావు. తర్వాతి రెండు, 2022, 2024, కాఠ్మాండులో బంగ్లాదేశ్ గెలిచింది. వాళ్లేమీ కొత్త మంత్రం కనిపెట్టలేదు, ఢాకాలో ఫెడరేషన్ భవనంలోనే అమ్మాయిల్ని ఉంచి ఏడాది పొడుగునా ట్రైనింగ్ ఇచ్చారు. మైమెన్‌సింగ్ జిల్లాలో కల్సిందుర్ అని ఒక పల్లె ఉంది, అక్కడి బడి పిల్లలు ఎంతమంది జాతీయ జట్టుకి వచ్చారో చదివి చూడు.

ఇప్పుడు హైదరాబాద్ ముచ్చట. రెండో పేరాలోనే ఒకప్పటి భారత మగవాళ్ల జట్టు కోచ్ రహీం సాబ్‌ని తెచ్చావు. ఈ ఊళ్లో ఫుట్‌బాల్ అంటే ఎవరైనా అక్కడికే పోతారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం, ఇరానీ చాయ్ తాగుతూ పెద్దాయన ఎవరైనా దొరికితే సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టిన కథ కూడా చెబుతాడు. బాగుంటుంది వినడానికి. కానీ ఆడవాళ్ల జట్టు గురించిన వ్యాసంలో అదెందుకు? ఊరి పేరు గొప్పగా వినబడాలనే అయితే తీసెయ్. ఉంచాలంటే దాన్ని పనిలో పెట్టు: ఆ సిటీ పోలీస్ జట్టు ఎలా తయారైంది? ఆడేవాళ్లకి డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం ఉంది, నెల తిరిగేసరికి జీతం ఉంది, ఊళ్లో లీగ్ ఉంది, రోజూ ప్రాక్టీసుంది. ఇప్పుడు మణిపూర్ వైపు చూడు. పద్మశ్రీ వచ్చిన ఓయినం బెంబెం దేవి, 2020లో స్కాట్లాండ్ క్లబ్ రేంజర్స్‌తో ఒప్పందం చేసుకుని యూరప్‌లో ప్రొఫెషనల్ అయిన మొదటి భారతీయురాలు బాలా దేవి, ఇద్దరూ మణిపూర్ పోలీసులోనే. అదే సూత్రం! మన పాత హైదరాబాద్ మగవాళ్లకి చేసిన పనినే మణిపూర్ ఆడవాళ్లకి చేసింది. కాబట్టి నువ్వు పట్టుకుని తిరగాల్సిన ప్రశ్న ఇది, ఈ ఊళ్లో ఏ ఆఫీసులో స్పోర్ట్స్ కోటా కింద ఆడపిల్లల ఫుట్‌బాల్‌కి ఉద్యోగం ఇస్తున్నారు, ఎందరికి, ఎప్పటి నుంచి? ఫోన్లో చెప్పరు. స్వయంగా వెళ్లు, రాతపూర్వకంగా అడుగు, అవసరమైతే ఆర్టీఐ వెయ్.

గుగులోతు సౌమ్యకి నువ్విచ్చింది ఒక్క లైను, ‘మన తెలంగాణ బిడ్డ’ అని. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి, గోకులంలో ఆడి, క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌లో ఆడి, ఈస్ట్ బెంగాల్‌తో 2024-25 లీగ్ గెలిచి, ఆ ఏడాదికి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అయిన అమ్మాయి. అందులో ఊర్ల పేర్లు వరసగా చదువు, కేరళ, జాగ్రెబ్, కోల్‌కతా. హైదరాబాద్ కనబడిందా? బిడ్డ మనదే, క్లబ్ మనది కాదు. ఆ ముక్క రాయడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే రాసిన మర్నాడే ఎవరో ఒకరు లొల్లి చేస్తారు. చెయ్యనీ.

డబ్బు గురించి అడగడానికి మొహమాటపడకు. 2023లో లీగ్ క్లబ్బులకి ఏఐఎఫ్ఎఫ్ ఒక షరతు పెట్టింది, కనీసం పది మంది భారతీయ క్రీడాకారిణులకి ఏడాదికి 3.2 లక్షలకి తగ్గకుండా కాంట్రాక్ట్ ఇవ్వాలని. నెలకి లెక్కేస్తే ఇరవై ఏడు వేలు కూడా కాదు, ఈ ఊళ్లో ఐటీలో కొత్తగా చేరిన పిల్లలు ఆ జీతానికి మూతి విరుస్తారు. అయినా అంతకు ముందున్న దానితో పోలిస్తే పెద్ద అడుగే, ఆ రెండూ రాయి. ఆటకి పదకొండు మంది కావాలి కదా, పదకొండో అమ్మాయికి ఎంతిస్తున్నారో కూడా అడుగు.

ప్లేయర్‌తో మాట్లాడేటప్పుడు ‘ఆ క్షణం ఎలా అనిపించింది’ అని అడగొద్దు, అడిగితే మాటల్లో చెప్పలేను అంటుంది, అక్కడితో అయిపోతుంది. ఎడమ కాలు ఎంత నమ్మకం అని అడుగు. నెలసరి రోజుల్లో ప్రాక్టీస్ ఎలా అడ్జస్ట్ చేస్తారు, క్యాంప్‌లో ఫిజియో ఉన్నారా, లీగ్ లేని నెలల్లో ఎవరితో ఆడతావు, బూట్లు ఎవరు కొంటారు అని అడుగు. టెన్షన్ పడకు, ఇలాంటివి అడిగితే వాళ్లే ఉత్సాహంగా చెబుతారు, ఎందుకంటే ఇంతకు ముందు ఎవరూ అడిగి ఉండరు.

వాళ్లని కలవకముందే ఒక పని ఉంది. ఊళ్లో అమ్మాయిలు ఎక్కడ ప్రాక్టీస్ చేస్తున్నారో కనుక్కొని పొద్దున్నే వెళ్లి కూర్చో, ఫోన్ బ్యాగులో పడేయ్. ఒక్క అమ్మాయిని ఎంచుకో, ఎడమవైపు రక్షణలో ఆడే లెఫ్ట్ బ్యాక్ అనుకుందాం, గంటసేపు ఆమెనే చూడు. బంతి ఎటు పోయినా నీ కళ్లు అటు పోకూడదు. తొంభై నిమిషాల ఆటలో ఒక మనిషి కాలి దగ్గర బంతి ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు, మిగతా టైమంతా ఏం చేస్తోంది? పాస్ రాకముందే భుజం మీదుగా వెనక్కి తిరిగి చూసుకుందా, లేక బంతి అందాక చూసిందా? తనవైపు వింగర్ పైకి పోతే తను లోపలికి జరిగిందా, అక్కడే నిలబడిపోయిందా? బంతి పోగానే రెండు చేతులూ నడుం మీద పెట్టుకుందా, వెంటనే పరిగెత్తిందా? సెంటర్ బ్యాక్ ఆమెని ఏమని పిలిచి జరిపింది, తెలుగులోనా, ఉర్దూలోనా? భుజం మీదుగా చూసుకునే ఆ అలవాటు ఎవరో చిన్నప్పుడే చెప్పి ఉండాలి, పెద్దయ్యాక అంత తేలిగ్గా రాదు. పదేళ్ల పిల్లకి దాన్ని నేర్పే కోచ్ ఈ జిల్లాలో ఉన్నారా లేరా అన్నదే నువ్వు ‘గ్రాస్‌రూట్స్’ అని మూడుసార్లు రాసి వదిలేసిన సంగతి. నోట్‌బుక్‌లో ఇవి రాసుకో, మైదానం వర్ణన అక్కర్లేదు, మంచు తెరలూ సూర్యకిరణాలూ అసలే వద్దు.

శీర్షిక కూడా మార్చు. ‘నారీశక్తి కిక్’ ఏంటి తల్లీ.

రెండో వెర్షన్ నెలాఖరుకి పంపు. 1983 నుంచి 2016 దాకా ఉన్న ఖాళీ నింపకుండా పంపితే చదవను. వర్డ్ ఫైల్ పంపు, పీడీఎఫ్ అయితే నేను మార్జిన్లో రాయలేను. ఆర్టీఐ దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే ఆదివారం ఫోన్ చెయ్, పదకొండు తర్వాత.

అక్క