‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ మొదటిసారి చూస్తున్నాను. రెండు ఎపిసోడ్లకే పిల్లల కార్టూన్ అనిపించింది. నాకు ముప్పై ఎనిమిదేళ్లు, ఈ వయసులో ఇది చూడవచ్చా? కొనసాగించమంటారా? చూస్తే ఏ వరసలో చూడాలి?

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో ఇది చూడవచ్చా అని అడిగారు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. నేను యాభై మూడో ఏట చూశాను. సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం నాది. రాత్రి పదింటికి కార్టూన్ చూస్తూ కూర్చుంటానని పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో మా ఆవిడ ఎన్నడూ ఊహించలేదు, నేనూ ఊహించలేదు. కాబట్టి వయసు సంగతి వదిలేయండి.

కొనసాగించండి. ఎందుకో చెప్పాలంటే జవాబు పొడుగవుతుంది. కథలోని ముడులు విప్పకుండా చెప్పాలి కనుక కొంత డొంకతిరుగుడుగానూ ఉంటుంది.

మా అమ్మాయి ఒక ఉద్యోగం మానేసి ఇంకోదానిలో చేరే లోపల నలభై రోజులు ఇంటికి వచ్చింది. “నాన్నా, భోజనాలయ్యాక ఈ వార్తలు కాకుండా ఇంకేమైనా చూద్దాం” అని ఇది పెట్టింది. అవతార్ అనగానే జేమ్స్ కామెరాన్ సినిమా అనుకున్నాను. నీలం మనుషులు ఎప్పుడు వస్తారని మొదటి ఎపిసోడ్ సగం అయ్యేదాకా అడుగుతూనే ఉన్నాను. వాళ్లు రారు. ఆ సినిమా 2009లోది. ఇది అంతకు ముందే, 2005 ఫిబ్రవరి నుంచి 2008 జులై వరకు, అమెరికాలో నికెలోడియన్ ఛానెల్‌లో వచ్చింది. మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయాన్ కోనియెట్జ్‌కో అనే ఇద్దరు దీన్ని సృష్టించారు. మొత్తం 61 ఎపిసోడ్లు. ఒక్కోటి ఇరవై మూడు నిమిషాల చొప్పున వేసుకుంటే ఇరవై మూడు గంటల పైచిలుకు. రోజుకు రెండయితే సరిగ్గా నెల. ఈ లెక్క మొదటి రోజే కాగితం మీద వేశాను. పదో రోజుకల్లా తప్పింది, ఎందుకంటే రోజుకు నాలుగు చూస్తున్నాం.

మొదట్లో మీకు కలిగిన అనుమానమే నాకూ కలిగింది. ఆంగ్ అనే పన్నెండేళ్ల పిల్లవాడు నూరేళ్లు మంచుగడ్డలో ఉండి బయటపడతాడు. కళ్లు తెరవగానే అడిగిన మాట, పెంగ్విన్ల మీదెక్కి జారుదామా అని. బయట నూరేళ్లుగా యుద్ధం నడుస్తోంది, దాన్ని ఆపవలసింది వీడేనట. సరే, పిల్లలకు బాగుంటుంది అనుకున్నాను. మూడో ఎపిసోడ్‌లో వాడు తన సొంత చోటికి వెళతాడు. కొండల మీద మఠం. నూరేళ్లయిందని ఎంత చెప్పినా తనవాళ్లు ఎవరో ఒకరు ఉంటారనే నమ్మకంతో మెట్లెక్కుతాడు. ఆ ఎపిసోడ్ ముగిశాక అమ్మాయి నా మొహంలోకి చూసింది. నేను మంచినీళ్లకని లేచి వెళ్లాను. మీరు సరిగ్గా దానికి ఒక మెట్టు కింద ఆగిపోయారు.

నాకు తెలిసిన కార్టూన్లలో ప్రతి ఎపిసోడ్‌కూ లెక్క సున్నా దగ్గర మొదలవుతుంది. నిన్న కూలిన ఇల్లు ఇవాళ నిలబడి ఉంటుంది, నిన్న తిన్న దెబ్బ ఎవరికీ గుర్తుండదు. ఇందులో అలా కాదు. వెనకటి నిల్వ ముందుకు తెస్తారు. ఎవరికి ఎవరు ఏం బాకీ ఉన్నారో, ఎవరు ఎక్కడ అబద్ధమాడారో అన్నీ చిట్టాలో ఉంటాయి. ఎప్పుడో ఒక పేజీలో అవి తిరిగి ఎదురవుతాయి. తొలి ఎపిసోడ్లలో నవ్వులాటగా అన్న మాట ఇరవై ఎపిసోడ్ల తర్వాత గుచ్చుకుంటుంది. నేను ఈ సిరీస్‌కు పడిపోయింది మంత్రతంత్రాలకు కాదు, ఈ పద్దుల పద్ధతికి.

సంగతి తొందరగా చెబుతాను. ఇందులో నాలుగు జాతులు: నీరు, భూమి, అగ్ని, గాలి. ప్రతి జాతిలోనూ కొందరికి తమ భూతాన్ని వశం చేసుకుని కదిలించే విద్య ఉంటుంది. నాలుగూ వశమయ్యేది ఒక్కడికే, అతణ్ని అవతార్ అంటారు. ఆ మాట మనదే అయినా అర్థం కొంచెం జరిగింది. మనకు అవతారమంటే దేవుడు దిగిరావడం. ఇక్కడ ఒకే ఆత్మ నాలుగు జాతుల్లోనూ వరసగా మళ్లీమళ్లీ పుడుతుంది. వేల ఆటబొమ్మల మధ్య నుంచి పాత జన్మవి ఏరుకున్న పసివాణ్ని గుర్తించే పద్ధతి మాత్రం టిబెట్ లామాలది. పంచభూతాల్లో ఆకాశం ఏదని అడిగితే, “ఆత్మలోకం ఒకటి ఉంది కదా నాన్నా, అది అనుకో” అంది అమ్మాయి. అనుకున్నాను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. మీరు చూసిన రెండు ఎపిసోడ్లలోనే అగ్నిజాతి యువరాజు జూకో, ఎడమ కంటి మీద కాలిన మచ్చతో, ఓడ మీద అరుస్తూ కనిపించి ఉంటాడు. పక్కన ఐరో అనే ముసలాయన తాపీగా కూర్చుని ఉంటాడు. ఈయనకు టీ అంటే ప్రాణం. జూకో ఆయన్ను ‘అంకుల్’ అంటాడు. తెలుగు చెవికి అది సగం సమాచారమే. మేనమామా? బాబాయా? పెదనాన్నా? అంత ఓపిగ్గా వెంట తిరుగుతుంటే నేను మొదట మేనమామ అనుకున్నాను. కాదు, రాజుగారి సోదరుడట. ఆ ‘బ్రదర్’ అనే మాట మాత్రం అన్నో తమ్ముడో చెబుతుందా? బాబాయి అయితే పేచీ లేదు. పెదనాన్న అయితే మాత్రం పెద్దవాడు ఉండగా చిన్నవాడు సింహాసనం ఎలా ఎక్కాడు? ధృతరాష్ట్రుడి కథ వింటూ పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న రాక తప్పదు. అమ్మాయిని అడిగితే కాసేపు ఆలోచించి, “నేను మొదటిసారి చూసినప్పుడు ఇది నాకు తట్టనే లేదు” అంది. అది హాస్టల్లో స్నేహితులతో కలిసి ఇంగ్లీషులో ఆలోచిస్తూ చూసింది మరి. ఈ ప్రశ్నను మనసులో పెట్టుకుని చూడండి. జవాబు రెండో పుస్తకం ఏడో ఎపిసోడ్‌లో ఉంది. ఇంతకు మించి చెప్పను.

పుస్తకం అన్నాను కదా, సీజన్లను వాళ్లు అలాగే పిలుస్తారు: జలం, భూమి, అగ్ని. మొదటి రెండింటికీ ఇరవై చొప్పున, మూడోదానికి ఇరవై ఒకటి. మనం పర్వాలు అనుకోవచ్చు.

పోరాటాలు వచ్చినప్పుడు చేతుల నుంచి వెలువడే మంటలను కాకుండా కాళ్లను చూడండి. ఇది అమ్మాయి చెప్పిన చిట్కా, నా కళ్లు తెరిపించింది. ఒక్కో విద్యకూ ఒక్కో అసలైన చైనా యుద్ధకళను ఆధారంగా తీసుకున్నారు. నీటికి తాయ్ చీ, భూమికి హుంగ్ గార్, అగ్నికి ఉత్తర షావొలిన్, గాలికి బాగువా. దీనికోసం సిఫూ కిసు అనే గురువును సలహాదారుగా పెట్టుకున్నారు. అందుకే గాలివాళ్లు ఎదురుగా నిలబడరు, గుండ్రంగా తిరుగుతూ తప్పించుకుంటారు. భూమివాళ్లు మోకాళ్లు వంచి నాటుకుపోయి నిలబడతారు. మాటల్లేకుండా నిలబడిన తీరులోనే మనిషి స్వభావం తెలిసిపోతుంది. రెండో పుస్తకంలో టాఫ్ అనే అమ్మాయి వస్తుంది. పుట్టుగుడ్డి. జాలి కోసం పెట్టారేమోనని ముందే ముఖం చిట్లించుకున్నాను. ఐదు నిమిషాల్లో సిగ్గుపడ్డాను. నేల అదురును పాదాలతో చదువుతుందా పిల్ల. నోరు పెద్దది, జాలిని దగ్గరికి రానివ్వదు. ఆమె నిలబడే తీరు కూడా మిగతా భూమివాళ్లలా ఉండదు. దానికి వేరే శైలి, దక్షిణాది మాంటిస్ పద్ధతి, వాడారు.

మా ఆవిడ మొదటి వారం పక్క గదిలోనే ఉండిపోయింది. ఆమెను లాక్కొచ్చింది ఆప్పా. అది ఆరు కాళ్లతో ఎగిరే బైసన్. మా ఇంట్లో దాని పేరు ఆరు కాళ్ల ఎద్దు. రెండో పుస్తకం మధ్యలో దానికి ఒక కష్టం వస్తుంది, అది ఒక ఎపిసోడ్‌లో తీరేది కాదు. ఆ రోజుల్లో ఆమె పొద్దున్నే కాఫీ ఇస్తూ, “మీరు రాత్రి నేను పడుకున్నాక చూశారా, ఆ ఎద్దు సంగతి తేలిందా?” అని అడిగేది. అదే పుస్తకం చివర్లో పథిక్ అనే గురువు ఆంగ్‌కు ఏడు చక్రాల గురించి చెబుతాడు. వాగులో నాచు అడ్డుపడితే నీరు ఎలా ఆగిపోతుందో చూపించి చెబుతాడు. యోగా తరగతికి వెళ్లే మా ఆవిడ, “కింది నుంచి పైకి వరస తప్పకుండానే చెప్పాడే!” అని మెచ్చుకుంది. ఆయన తాగే ఉల్లిపాయ, అరటిపండు కలిపిన రసాన్ని మాత్రం మెచ్చుకోలేదు.

ఒక హెచ్చరిక. మొదటి పుస్తకంలో పదకొండో ఎపిసోడ్ ‘ది గ్రేట్ డివైడ్’ దగ్గర చాలామందికి ఓపిక పోతుంది. రెండు గుంపులు ఒక లోయ దాటుతూ పోట్లాడుకుంటాయి, అంతే. నేను కునుకు తీశాను. అక్కడ మానేయకండి, ఎందుకంటే పన్నెండోదే ‘ది స్టార్మ్’. జూకో మచ్చ ఎలా వచ్చిందో, ఆంగ్ ఎందుకు పారిపోయాడో పక్కపక్కనే చెబుతారు. అప్పటిదాకా ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు అనుకున్న మన పుస్తకంలో జమా ఖర్చూ తారుమారవుతాయి. పదకొండోదాన్ని దాటేయవచ్చా అని అడుగుతారేమో. వద్దు. మూడో పుస్తకం పదిహేడో ఎపిసోడ్‌లో ఆంగ్ బృందం కథనే ఎవరో నాటకంగా వేస్తుంటే వాళ్లే ప్రేక్షకుల్లో కూర్చుంటారు. అందులో ఆ లోయ వచ్చినప్పుడు అనే ఒక్క మాటకు మీరు పగలబడి నవ్వాలంటే పదకొండోది చూసి ఉండాలి. తమ తప్పును తామే చిట్టాకెక్కించుకున్న రచయితలను నేను ఇక్కడే చూశాను. నా ఉద్యోగంలో అలాంటివాళ్లు అరుదు.

రెండో పుస్తకం పదిహేనో ఎపిసోడ్‌లో ఆరు చిన్న కథలుంటాయి. అందులో ఐరోది కొన్ని నిమిషాలే. ఆయనకు గొంతునిచ్చిన జపనీస్ అమెరికన్ నటుడు మాకో 2006 జులైలో చనిపోయారు. ఆ కథ చివర తెర మీద ఆయనకు అంకితమిచ్చిన అక్షరాలు కనిపిస్తాయి. దాని గురించి ముందే ఎక్కడా చదవకండి. మా ఇంట్లో ఆ రాత్రి రెండో ఎపిసోడ్ పెట్టలేదు. ముగ్గురం ఏమీ మాట్లాడుకోకుండా పడుకున్నాం. తర్వాత ఆ గొంతును గ్రెగ్ బాల్డ్‌విన్ నిలబెట్టారు. అమ్మాయి చెప్పేదాకా మార్పు నేను గమనించలేదు.

అన్నీ పొగడ్తలే అయితే తనిఖీ చేసినట్టు కాదు. ముగింపులో ఒక పద్దు నాకు ఇప్పటికీ సరిపోలేదు. ఆంగ్‌కు ఒక ధర్మసంకటం వస్తుంది, సిరీస్ అంతా దానివైపే నడుస్తుంది. తీరా దానికి పరిష్కారం ఎక్కడి నుంచో వచ్చి ఒళ్లో పడినట్టు ఉంటుంది. పిల్లవాడు తనంతట తాను వెతుక్కుని ఉంటే బాగుండేది. అమ్మాయి ఒప్పుకోదు. రెండో పుస్తకంలో గ్రంథాలయం ఎపిసోడ్‌లో దాని ఆనవాలుగా ఒక బొమ్మ చూపించారంటుంది. అంత పెద్ద మొత్తానికి ఒక్క వోచరు చూపిస్తే సరిపోతుందా అంటాను నేను. ఈ వాదన ఫోనులో ఇంకా నడుస్తూనే ఉంది.

ఏ వరసలో చూడాలని కూడా అడిగారు. ముందు ఈ 61, వరసగా, ఏదీ వదలకుండా. 2010లో వచ్చిన సినిమాతోనూ, 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో మనుషులతో తీసిన ఎనిమిది ఎపిసోడ్లతోనూ మొదలుపెట్టకండి. తర్వాత కావాలంటే పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి. దీని తరవాయి ‘ది లెజెండ్ ఆఫ్ కొర్రా’, 52 ఎపిసోడ్లు, డెబ్బై ఏళ్ల తర్వాతి కథ. దాన్ని వెంటనే మొదలుపెట్టకుండా నెల రోజులు ఆగండి. నేను ఆగలేదు. కార్లు, రేడియోలు కనిపించేసరికి పాతవాళ్ల మీద బెంగ పెట్టుకుని సగం ఎపిసోడ్లు ముఖం ముడుచుకునే చూశాను.

మరొకటి. మొదటి పుస్తకం ఐదో ఎపిసోడ్‌లో ఒక క్యాబేజీల వ్యాపారి బండితో వస్తాడు. పేరు లేదు, కథతో పని లేదు. ఆంగ్ బృందం ఎదురుపడినప్పుడల్లా అతని సరుకు నేలపాలవుతుంది. నేను ఊరికే ఉండలేక నష్టాల లెక్క ఒక చీటీ మీద రాసుకుంటూ వచ్చాను. కొర్రాలో ఒక పెద్ద కంపెనీ భవనం ముందు ఆయన విగ్రహం చూసి, ఆ చీటీ కింద గీత గీసి చించేశాను. మీరూ ఐదో ఎపిసోడ్ నుంచి ఒకటి పెట్టుకోండి.