మీ ప్రశ్నలకు జవాబులు: అమెరికా గడ్డ మీద పుడితే చాలా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ డాలస్‌లో హెచ్-1బి మీద ఉన్నారు. అమ్మాయికి ఆరో నెల. అల్లుడికి ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవ్ అయింది. పుట్టుకతో వచ్చే పౌరసత్వం మీద ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు పుట్టబోయే బిడ్డకు వర్తిస్తుందా?

జవాబు: ఉత్తర్వులో రాసినదాన్ని బట్టి అయితే వర్తిస్తుంది. 2025 జనవరి 20న సంతకమైన ఆ ఉత్తర్వు, ఆపైన 30 రోజులు గడిచాక పుట్టే పిల్లల్లో రెండు రకాలవారికి పౌరసత్వం లేదంటుంది. తల్లి చట్టబద్ధమైన అనుమతి లేకుండా అమెరికాలో ఉండగా పుట్టినవారు ఒక రకం. తల్లి హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, బి-2 లాంటి తాత్కాలిక వీసా మీద ఉండగా పుట్టినవారు రెండో రకం. ఈ రెంటిలోనూ తండ్రి అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే బిడ్డకు అడ్డు లేదు. అమ్మానాన్నలిద్దరికీ గ్రీన్‌కార్డు ఉండాలనుకునేవాళ్ళున్నారు. అక్కర్లేదు, ఒక్కరికుంటే చాలు. ఐ-140 అప్రూవల్ మాత్రం గ్రీన్‌కార్డు కింద లెక్కకు రాదు. ఐ-485 (గ్రీన్‌కార్డు తుది దరఖాస్తు) పెండింగ్‌లో ఉన్నా, చేతిలో ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉన్నా అంతే. బిడ్డ పుట్టిన రోజుకు కార్డు మంజూరై ఉండాలి.

కోర్టుల సంగతి వేరు. సంతకమైన మూడు రోజులకే సియాటిల్ ఫెడరల్ జడ్జి ఆ ఉత్తర్వును ఆపేశారు. ఒక జిల్లా కోర్టు దేశం మొత్తానికీ వర్తించేలా ఇలా స్టే ఇవ్వకూడదని జూన్ 27న సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తర్వు మంచిదా చెడ్డదా అన్న జోలికి అప్పుడు పోలేదు. వెంటనే దారి మారింది: జూలై 10న న్యూ హాంప్‌షైర్ జడ్జి ఆ ఉత్తర్వు తగిలే పిల్లలందరినీ ఒక వర్గంగా గుర్తించి వాళ్ళ విషయంలో మళ్ళీ ఆపేశారు. ఆ కేసునే డిసెంబర్ 5న సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. ఇందులో ఆ కోర్టు మాటే ఆఖరు.

మీ అమ్మాయి చేతిలో ఉన్నది కాగితాల పని. ఆసుపత్రిలో బర్త్ సర్టిఫికెట్ కోసం నింపే ఫారంలో తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయాలి. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. దాన్నే పేరనుకుని నర్సు ఎక్కించేస్తే, తర్వాత ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) దగ్గర కాగితాలు ఒకదానికొకటి పొంతన కుదరవు. సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలన్న గడిలో అక్కడే టిక్ పెట్టించండి. తల్లిదండ్రుల పేర్లుండే పూర్తి సర్టిఫికెట్ రెండు మూడు కాపీలు తీసుకోండి. ప్రసవం నాటికి చెల్లుబాటులో ఉన్న ఇద్దరి ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-797 (ఆమోద నోటీసు) ప్రింట్లు అదే ఫైల్లో దాచండి.

బిడ్డ అమెరికా పాస్‌పోర్టుకు డీఎస్-11 ఫారం. ఇంట్లో సంతకం చేసి పట్టుకెళ్ళకూడదు, అధికారి ఎదుటే చేయాలి. 16 ఏళ్ళ లోపు పిల్లలకు తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళాలి. ఒకరు ఊళ్ళో లేకపోతే డీఎస్-3053 (సమ్మతి పత్రం) నోటరీ చేయించి, గుర్తింపు కార్డు జిరాక్సు జతచేసి పంపాలి. ఆ పాస్‌పోర్టు అయిదేళ్ళే పనిచేస్తుంది.

ప్రశ్న: "అధికార పరిధికి లోబడి" అన్న అమెరికా రాజ్యాంగంలోని మాట మీద ఇంత గొడవ ఎందుకు?

జవాబు: మొత్తం కేసు ఆ మాట మీదే నిలబడింది కాబట్టి. నల్లజాతివారు పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పు అంది. అంతర్యుద్ధం ముగిశాక 1868లో వచ్చిన రాజ్యాంగ 14వ సవరణ దాన్ని చెరిపేసింది. అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధికి లోబడినవారందరూ పౌరులే అంది.

ఆ 'లోబడడం' ఏమిటో తేల్చింది వాంగ్ కిమ్ ఆర్క్ కేసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వంటమనిషి ఆయన. చైనా వెళ్ళి 1895లో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కాదని ఓడ దిగనివ్వలేదు. 1898లో సుప్రీంకోర్టు 6-2తో ఆయన పక్షాన తీర్పిచ్చింది. విదేశీ రాయబారుల పిల్లలు, దేశంలో కొంత భాగాన్ని ఆక్రమించిన శత్రుసైన్యానికి పుట్టినవారు, సొంత తెగల పాలనలో ఉన్న ఆదివాసులు తప్ప మిగతా అందరూ పౌరులేనంది. ఆదివాసులకు 1924లో చట్టం ద్వారా పౌరసత్వం వచ్చింది. ఉత్తర్వును ఎదిరించేవారి వాదన ప్రకారం, దొంగతనం చేస్తే అమెరికా కోర్టు జైల్లో వేయగలిగిన ప్రతివాడూ దాని పరిధిలో ఉన్నట్టే. రాయబారిని అలా వేసే వీలు లేదు కాబట్టి ఆయన బిడ్డకు మినహాయింపు.

ఉత్తర్వును సమర్థించేవాళ్ళ వాదన వేరు. వాంగ్ తల్లిదండ్రులు అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకున్నవారు, చుట్టపు చూపుగా వచ్చినవారు కారు. తీర్పులో 'స్థిరనివాసం' అన్న మాట పదేపదే వస్తుంది. కాబట్టి వీసా మీద ఉన్నవారి సంగతి, సరిహద్దు దొంగచాటుగా దాటినవారి సంగతి ఆ తీర్పు తేల్చలేదంటారు. కొట్టిపారేయదగ్గ వాదన కాదిది. అయినా మా లెక్కలో మొదటి వాదనదే పైచేయి. మినహాయింపుల జాబితా రాసిన జడ్జీలు తాత్కాలికంగా వచ్చినవారిని అందులో చేర్చలేదు మరి.

ప్రశ్న: విమానంలో పుట్టిన బిడ్డది ఏ దేశం?

జవాబు: అమెరికా గగనతలంలో పుడితే అమెరికా పౌరసత్వం వస్తుంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా సముద్రం మీది ఆకాశమూ అందులోకే వస్తుంది. సముద్రం మధ్యలో పుడితే, విమానం అమెరికాది అయినంత మాత్రాన రాదు. మన చట్టం దీనికి తలకిందులు: విమానం ఏ దేశంలో రిజిస్టరైతే బిడ్డ అక్కడ పుట్టినట్టే. అలా భారత్‌లో రిజిస్టరైన విమానంలో, అమెరికా మీద ఎగురుతుండగా, భారతీయ దంపతులకు బిడ్డ పుడితే రెండు దేశాలూ మా బిడ్డే అనవచ్చు. పుట్టిన సమయం, అక్షాంశ రేఖాంశాలు విమానం లాగ్‌లో రాయించుకోవడం మరిచిపోవద్దు.

ప్రశ్న: బిడ్డ పౌరురాలైతే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు తొందరగా వస్తుందా?

జవాబు: రాదు. బిడ్డకు 21 నిండాకే తల్లిదండ్రుల కోసం ఐ-130 (బంధువుల కోసం వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) వేయగలదు. అప్పుడు మాత్రం క్యూ ఉండదు. ఉద్యోగం కోటాలో ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో దేశానికి 7 శాతం పరిమితి దరఖాస్తుదారు పుట్టిన దేశాన్ని బట్టి లెక్కిస్తారు. ఆ లెక్కకు భార్య పుట్టిన దేశాన్ని భర్త, భర్తది భార్య వాడుకోవచ్చు. తల్లిదండ్రులది పిల్లలు వాడుకోవచ్చు. పిల్లలది మాత్రం తల్లిదండ్రులకు పనికిరాదు.

తనిఖీ లేకుండా సరిహద్దు దాటి వచ్చినవారికైతే 21 ఏళ్ళు ఆగినా సుఖం లేదు. వీసా కోసం దేశం దాటి వెళ్ళాలి. అక్రమంగా ఏడాది, అంతకు మించి ఉండి బయటికి వెళితే పదేళ్ళ నిషేధం. దాని నుంచి మినహాయింపు అడగాలంటే పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయిన భర్త, భార్య, తల్లి, తండ్రి ఎవరో ఒకరు ఉండాలి. పౌరుడైన కొడుకు ఆ లెక్కలోకి రాడు. బిడ్డను కని, ఆ బిడ్డ ఆసరాతో దేశంలో లంగరు వేశారన్న నింద వేసేవాళ్ళు ఈ నిబంధన ఒకసారి చదివితే బాగుండు.

ప్రశ్న: అక్కడ పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వమూ ఉంటుందా?

జవాబు: దానంతట అదే రాదు. పుట్టిన ఏడాదిలోగా కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. అమెరికా పాస్‌పోర్టు ముందే తీసుకుంటే ఈ తలుపు మూసుకున్నట్టే. అందుకే ఎక్కువమంది ఓసీఐ తీసుకుంటారు. దరఖాస్తు రుసుము 275 డాలర్లు, సేవా రుసుములు అదనం. సంతకం గడిలో పసివాడి ఎడమ బొటనవేలి ముద్ర, గీత దాటకుండా వేయించండి. ఓసీఐతో ఓటు రాదు, పొలం కొనడం కుదరదు. తాతగారి పొలం వారసత్వంగా రావడానికి అభ్యంతరం లేదు.

ప్రశ్న: మన దేశంలో పుట్టినవాళ్ళందరూ పౌరులేనా?

జవాబు: ఒకప్పుడు అంతే. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఇక్కడ పుట్టినవారికి, రాయబారుల పిల్లల్లాంటి కొద్దిమందిని మినహాయిస్తే, పుట్టుకే చాలు. 1987 జూలై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. ఈ బిగింపుల వెనుక అస్సాం సరిహద్దు వలసల గొడవ ఉంది.

కాగితాల లెక్క ఎలా మారిందో చూడండి. 1980లో పుట్టినవారికి తమ జనన ధ్రువపత్రం ఒక్కటే చాలు. 2010లో పుట్టిన పిల్లకు తల్లిదండ్రులవీ కావాలి. ఆ తల్లి 1988లో పుట్టి ఉంటే, ఆమె పౌరురాలని చూపడానికి అమ్మమ్మదో తాతయ్యదో కాగితం వెతకాలి.