ఓడ ఎక్కే ముందు ముంబైలో రెండు రాత్రులు

ప్రశ్న: నమస్తే అమ్మా. మాది బరంపురం. డిసెంబరులో ముంబై నుంచి లక్షద్వీప్ వెళ్లే క్రూజ్‌కి టికెట్లు తీసుకున్నాం. మొత్తం ఆరుగురం: మా వారు, నేను, పదమూడేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు, మా అత్తగారు, మామగారు. ఓడ శుక్రవారం సాయంత్రం బయల్దేరుతుంది. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి శుక్రవారం తెల్లవారుజామున దిగితే హోటల్ ఖర్చు మిగులుతుందని మా వారి లెక్క. నాకేమో టెన్షన్. పోనీ రెండు రోజులు ముందే వెళ్దామంటే ఒక్కొక్కరిదీ ఒక కోరిక. అత్తగారికి సిద్ధివినాయకుడి దర్శనం, మామగారికి ఎలిఫెంటా గుహలు, పాపకి జుహూ బీచ్, సినిమా తారల ఇళ్లు, బాబుకి ఏదైనా సరే పడవ ఎక్కితే చాలు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. ఎక్కడ దిగాలి, ఏం చూడాలి, ఏం వదిలేయాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: మీ టెన్షన్ సరైనదేనమ్మా. శుక్రవారం దిగి శుక్రవారమే ఓడ ఎక్కాలన్న ఆలోచన మానుకోమని మీ వారికి నా మాటగా చెప్పండి. కోణార్క్ మన ఊళ్లో సాయంత్రం ఎక్కితే ఆంధ్రా, తెలంగాణ దాటి, సోలాపూర్, పుణె మీదుగా ఘాట్ దిగి, రెండు రాత్రులు గడిచాక ముంబై చేరుతుంది. 1,700 కిలోమీటర్ల పైచిలుకు దారి. అంత దారిలో ఎక్కడ ఆగిపోయినా గంటలు గంటలు ఆలస్యం అవుతుంది. ఓడ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. పైగా ఓడ కదిలే టైము వేరు, చెక్-ఇన్ కౌంటర్ మూసేసే టైము వేరు. కౌంటర్ కొన్ని గంటల ముందే మూసేస్తారు. ఆ టైము మీ టికెట్టు మీదే ఉంటుంది, ఇప్పుడే తీసి చూసుకోండి. ఆరుగురి క్రూజ్ డబ్బు పోగొట్టుకోవడం కంటే రెండు రాత్రులకి రెండు గదుల అద్దె ఎంత తక్కువో మీ వారే లెక్కేసుకుంటారు.

సోమవారం సాయంత్రం రైలెక్కండి. బుధవారం తెల్లవారకముందే ముంబై సీఎస్‌ఎంటీలో, అంటే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ స్టేషన్‌లో దిగుతారు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది, ఆ రోజు పొద్దున్నే కూర్చుని తీసుకోండి. అత్తగారికీ మామగారికీ కింది బెర్తులు కావాలంటే వాళ్లిద్దరి టికెట్టు విడిగా, సీనియర్ల లోయర్ బెర్త్ కోటాలో తీయండి. ఆరుగురినీ ఒకే టికెట్టులో పెడితే ఆ కోటా పనిచేయదు. రైలు సీఎస్‌ఎంటీ దాకా వెళ్తోందో లేదో కూడా బుక్ చేసేటప్పుడే చూసుకోండి, స్టేషన్ పనుల వల్ల ఒక్కోసారి మార్పులు ఉంటాయి.

ఇక బస. నా ఉద్యోగం అంతా బల్లార్డ్ ఎస్టేట్‌లో ఒక ఆఫీసులో గడిచింది. మీ ఓడ ఎక్కే రేవు ఆ వీధుల చివరే ఉంది. సీఎస్‌ఎంటీ నుంచి అక్కడికి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. అందుకే ఆ పక్కనే ఉన్న ఫోర్ట్ అనే పేటలో గానీ, సీఎస్‌ఎంటీ చుట్టుపక్కల గానీ గదులు తీసుకోండి. అంధేరిలోనో ఇంకెక్కడో చవగ్గా దొరికిందని దూరం వెళ్లకండి. శుక్రవారం ట్రాఫిక్‌లో సామాన్లతో ఇరుక్కుంటే ముందొచ్చిన లాభమంతా పోతుంది. ఫోర్ట్‌లో చాలా హోటళ్లు పాత బిల్డింగుల్లో రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో ఉంటాయి. కాబట్టి బుక్ చేసే ముందు ఫోన్ చేసి "లిఫ్ట్ వీధి మట్టం నుంచే ఉందా, లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లు ఎక్కాలి?" అని ఖచ్చితంగా అడగండి. ఫొటోల్లో అది కనపడదు. దిగేది తెల్లవారుజామున కదా, ఆ టైముకి గది ఇస్తారో లేదో కూడా అడగండి. కుదరదంటే మంగళవారం రాత్రికి కూడా ఒక గది తీసేయండి. రెండు రాత్రులు రైల్లో కూర్చుని వచ్చిన పెద్దవాళ్లని మధ్యాహ్నం దాకా లాబీలో కూర్చోబెట్టకూడదు.

దిగగానే ఆటో కోసం వెతకొద్దు. దక్షిణ ముంబైలోకి ఆటోలను రానివ్వరు. నలుపు-పసుపు టాక్సీలే, మీటరు మీద వస్తాయి. ఆరుగురికీ సామాన్లకీ రెండు టాక్సీలు కావాలి.

బుధవారం పడుకోండి. నిజంగా చెబుతున్నాను, మధ్యాహ్నం దాకా ఏమీ పెట్టుకోవద్దు. తర్వాత మీరు దిగిన స్టేషన్‌నే రోడ్డుకి అవతల నిలబడి తీరిగ్గా చూడండి. పొద్దున్న చీకట్లో సామాన్ల గొడవలో ఎవరూ తలెత్తి చూసి ఉండరు. ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్ గీసిన డిజైన్. 1878లో మొదలుపెట్టి దాదాపు పదేళ్లు కట్టారు. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గేటు స్తంభాల మీద ఒక పక్క సింహం, ఇంకో పక్క పులి ఉంటాయి. సింహం బ్రిటన్‌కి, పులి మన దేశానికి గుర్తులు. గోడల మీద చెక్కిన నెమళ్లు, కోతులు, ఆకులు ఎన్ని కనిపెడతారో చూడమని మీ బాబుకి చెప్పండి. 1853 ఏప్రిల్ 16న మన దేశంలో మొదటి పాసింజరు రైలు బయల్దేరింది ఈ పక్కనే ఉన్న బోరీబందర్ నుంచే. ఠాణే దాకా 34 కిలోమీటర్లు నడిచింది. మీ మామగారికి ఇది నచ్చుతుంది.

సాయంత్రం సిద్ధివినాయకుడు. బుధవారం కావడం మీ అదృష్టం, మంగళవారమైతే ఆ జనంలో మోకాళ్ల నొప్పి ఉన్నావిడ నిలబడలేరు. గుడి ప్రభాదేవిలో ఉంది. ఇదివరకైతే టాక్సీలో గంటసేపు కూర్చోండి అనేదాన్ని. ఇప్పుడు మూడో నంబరు మెట్రో సీఎస్‌ఎంటీ దగ్గర భూమి కిందే ఆగుతుంది, సిద్ధివినాయక్ పేరుతోనే స్టేషన్ ఉంది. లిఫ్టులు ఉన్నాయి, ఏసీ ఉంది. ఆఫీసులు వదిలే ముందే వెళ్లిపోండి. ఆ ప్రభాదేవి, వర్లీ వాడల్లోనే మన తెలుగు పద్మశాలీలు మిల్లుల్లో పనిచేస్తూ తరాల తరబడి బతికారు. అంతకుముందు కట్టడాల పనికి వచ్చిన తెలుగు కూలీలు కామాఠీపురలో ఉండేవారు. ముంబై గురించి చెప్పేవాళ్లు ఈ మాట చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. ఈ ఊరు కట్టిన చేతుల్లో మనవాళ్ల చేతులూ ఉన్నాయని పిల్లలకి తెలియాలి.

గురువారం ఎలిఫెంటా. మామగారి కోరికా, బాబు పడవా రెండూ ఇందులోనే తీరిపోతాయి. గుహలకి సోమవారం సెలవు, మీకు ఆ ఇబ్బంది లేదు. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర పొద్దున తొమ్మిది గంటల ప్రాంతంలో పడవలు మొదలవుతాయి, మొదటి వాటిలోనే ఎక్కండి. సుమారు గంట ప్రయాణం. లైఫ్ జాకెట్ అందరికీ ఉందో లేదో చూసి, వేసుకున్నాకే కూర్చోండి. 2024 డిసెంబరులో ఈ దారిలోనే నౌకాదళం స్పీడ్ బోటు వచ్చి ప్రయాణికుల పడవని ఢీకొట్టి ప్రాణాలు పోయాయి. ఉక్కపోస్తోందని పిల్లలు విప్పేస్తామంటే ఒప్పుకోకండి.

అక్కడ జెట్టీ నుంచి కొండ పాదం దాకా చిన్న రైలు ఉంది. ఆ తర్వాత 120 దాకా మెట్లు, రెండు పక్కలా దుకాణాలు. అత్తగారు ఎక్కనక్కర్లేదు, డోలీ కుర్చీలు ఉంటాయి. వెళ్లి రావడానికి కలిపి ఎంతో కింద ఉన్నప్పుడే మాట్లాడుకోండి. ఆవిడ మొహమాటపడి "నేను కిందే కూర్చుంటాలే" అంటారు, వినకండి. టికెట్టు మనవాళ్లకి 40 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకి లేదు. చేతిలో తినే వస్తువులు పట్టుకుని మెట్లెక్కితే కోతులు లాక్కుపోతాయి.

పెద్ద గుహలోకి వెళ్లగానే ఫోన్లు తీయొద్దని చెప్పండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఒక్క నిమిషం ఆగితే, వెనక గోడలోంచి ఆ మూడు ముఖాల సదాశివుడు నెమ్మదిగా తేలి కనిపిస్తాడు. ఎత్తు దాదాపు ఆరు మీటర్లు. ఆరో శతాబ్దంలో కొండని తొలిచి చేశారు. చాలామంది గైడ్లు బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులని చెప్పేస్తారు గానీ మూడూ శివుడివే. మధ్యలో ప్రశాంతంగా ఉన్న ముఖం, ఒక పక్క మీసాలతో ఉగ్రంగా ఉన్న ముఖం, ఇంకో పక్క పువ్వు పట్టుకున్న సుకుమారమైన ముఖం. చుట్టూ గోడల మీద అర్ధనారీశ్వరుడు, గంగను జటలో పట్టిన శివుడు, పార్వతీ కల్యాణం, కైలాసాన్ని ఎత్తబోయిన రావణుడు ఉన్నారు. పోర్చుగీసుల కాలం నుంచీ చాలా దెబ్బలు తిన్న శిల్పాలివి, అయినా ఆ కల్యాణంలో పార్వతి తల వంచుకున్న తీరు చూడండి. శ్రీముఖలింగం, మహేంద్రగిరి శివుడి గుళ్లు చూసి పెరిగిన మనలాంటివాళ్లకి ఆ గుహలో పరాయితనం ఉండదు. మీ అత్తగారు సిద్ధివినాయకుడి కంటే ఇక్కడే ఎక్కువసేపు నిలబడతారని నా నమ్మకం.

తిరిగి గేట్‌వే దగ్గర దిగేసరికి మధ్యాహ్నం రెండో మూడో అవుతుంది. అయిదో జార్జి రాజు 1911లో వచ్చినందుకు గుర్తుగా కట్టించిన తోరణం, పూర్తయింది 1924లో. స్వాతంత్ర్యం వచ్చాక చివరి బ్రిటిష్ పటాలం 1948 ఫిబ్రవరి 28న దాని కిందినుంచే ఓడకి నడిచి వెళ్లిపోయింది. పదమూడేళ్ల పాపకి ఈ రెండు తారీఖులూ కలిపి చెప్పండి.

పాప కోరిక మిగిలింది. జుహూ, బాంద్రా వదిలేయమనే నా సలహా. ఫోర్ట్ నుంచి జుహూ పాతిక కిలోమీటర్ల దూరం, సాయంత్రం రోడ్డు మీద వెళ్లి రావడానికే పొద్దు పోతుంది. తారల ఇళ్లంటే చూసేది గేటూ గోడే. దాని బదులు గురువారం సాయంత్రం మెరైన్ డ్రైవ్ గట్టు మీద కూర్చోబెట్టి, గిర్‌గావ్ చౌపాటీలో భేల్‌పురి పెట్టించండి. సినిమాల్లో చూసిన ముంబై అదే. ఆ రోడ్డు పొడుగునా గుండ్రటి బాల్కనీల ఆర్ట్ డెకో అనే శైలి మేడలకి, ఓవల్ మైదానం దగ్గరి కోసు తోరణాల గోతిక్ కట్టడాలతో కలిపి 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

శుక్రవారం ఏ ప్రోగ్రామూ వద్దు. టిఫిన్ చేసి, అందరి మందులూ, ఒరిజినల్ ఆధార్ కార్డులూ, టికెట్లూ ఒకే చేతిసంచిలో పెట్టుకోండి. పెద్ద సూట్‌కేసులు చెక్-ఇన్‌లో తీసుకుంటారు, అవి క్యాబిన్‌కి చేరడానికి గంటలు పట్టొచ్చు. మామగారి మధ్యాహ్నం మాత్ర వాటిలో ఉండకూడదు. కరెంటు కెటిల్, ఇస్త్రీ పెట్టె ఇంట్లోనే వదిలేయండి. బయటి తిండి ఓడలోకి రానివ్వరు. మన ఊరి అప్పడాలు, ఊరగాయ సీసాల సంగతి కంపెనీని ముందే మెయిల్‌లో అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. లక్షద్వీప్‌లో దిగడానికి పర్మిట్ కావాలి. మామూలుగా కంపెనీయే చూస్తుంది గానీ, ఆరుగురి వివరాలూ వెళ్లాయో లేదో ఒకసారి కనుక్కోండి.

ఇంకొక్క మాట. ఓడ కదిలే ముందు అందరూ పై డెక్ మీద కుడివైపు రెయిలింగ్ దగ్గర చోటు చూసుకోండి. దక్షిణంగా వెళ్లేటప్పుడు గేట్‌వే, తాజ్ హోటల్ అటే కనిపిస్తాయి. ఎలిఫెంటా దీవి ఎడమవైపు ఉంటుంది. మన గోపాల్‌పూర్ రేవు నుంచి ఒకప్పుడు రంగూన్‌కి ఓడలు నడిచేవి. ఆ ఓడలెక్కిన పెద్దల కథలు మీ మామగారికి తెలిసే ఉంటాయి, పిల్లల్ని పక్కన పెట్టుకుని అప్పుడు అడగండి.

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా జయపురం. మాకు పిల్లల వేసవి సెలవుల్లోనే కుదురుతుంది. జూన్ మొదట్లో ముంబై వెళ్లి క్రూజ్ ఎక్కొచ్చా? విశాఖ నుంచి రైల్లో వెళ్దామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: జూన్ వద్దండీ. ముంబైలో రుతుపవనాలు మామూలుగా జూన్ రెండో వారానికల్లా వచ్చేస్తాయి, సముద్రం అంతకుముందే మారిపోతుంది. ఎలిఫెంటా పడవలు ఆపేసే రోజులుంటాయి. ముంబై నుంచి క్రూజ్‌లు ఎక్కువగా అక్టోబరు నుంచి మే లోపే నడుస్తాయి. దసరా సెలవుల చివర గానీ, క్రిస్మస్‌కి ముందు వారం గానీ చూడండి. సరిగ్గా క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజులైతే హోటలూ ఓడా రెండూ మండిపోతాయి. వేసవే తప్పదంటే మే మొదటి వారంలోపు వెళ్లి రండి, కానీ ఎండకి మధ్యాహ్నాలు గదిలోనే గడపాల్సి వస్తుంది.

విశాఖ నుంచి వెళ్లే లోకమాన్య తిలక్ ఎక్స్‌ప్రెస్ కుర్లా దగ్గర ఆగుతుంది, సీఎస్‌ఎంటీలో కాదు. అక్కడి నుంచి ఫోర్ట్‌కి దాదాపు పదిహేను కిలోమీటర్లు. పగటి పూట దిగితే లోకల్ రైలు జోలికి పోకుండా టాక్సీ మాట్లాడుకోండి. విశాఖలోనే కోణార్క్ కూడా ఆగుతుంది. బెర్తులు దొరికితే అదే తీసుకోండి.