పాతిక మందితో పాపికొండలకు

ప్రశ్న: అమ్మమ్మ మొదలుకొని చంటిపిల్లల వరకు మేము 25 మందిమి. తక్కువ ఖర్చులో పాపికొండల లాంచీ ప్రయాణం చేయడం ఎలా?

జవాబు: గోదావరిలో వరద తగ్గాక, నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య, పండుగ సెలవులనూ శని, ఆదివారాలనూ విడిచి మామూలు రోజున బయలుదేరితే, ఇంతమందికి ఒకేసారి టిక్కెట్లు తీసుకుంటున్నామని చెప్పి ధర తగ్గించమని అడగవచ్చు. రాజమహేంద్రవరం వైపు వారు గండిపోచమ్మ వద్ద, భద్రాచలం వైపు వారు పోచవరంలో లాంచీ ఎక్కుతారు కనుక, బంధువులందరూ ఏ రేవుకు చేరాలో ముందే తేల్చుకోండి. టిక్కెట్టులో భోజనం కలిసి ఉందో లేదో కూడా కనుక్కోండి.

అమ్మమ్మగారి మోకాళ్లను మరవకండి. ఒడ్డు నుంచి లాంచీకి వేసే చెక్కపై అడుగు వేయగానే అది ఊగుతుంది; ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎక్కించి, కింది అంతస్తులో కూర్చోబెట్టండి. దారిలో లాంచీ ఆగే పేరంటాలపల్లిలో ఆమె దిగకపోయినా, కొండల మధ్య నది ఇరుకైపోయే చోటు కూర్చున్న చోటినుంచే కనిపిస్తుంది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిన పర్యాటకుల పడవను తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు లేని లాంచీని, ఎంత చవకగా దొరికినా, దయచేసి ఎక్కవద్దు.