65 నిమిషాల్లో విమానం మారగలమా?

ప్రయాణ సందేహాలు – జవాబులు

ప్రశ్న: అమ్మానాన్నలతో కాశీ వెళ్తున్నాం. రాజమండ్రిలో చిన్న విమానం ఎక్కి, హైదరాబాద్‌లో మారాలి. 9.10కి దిగుతాం, 10.15కి వారణాసి విమానం. టికెట్ ఒక్కటే, పీఎన్ఆర్ ఒక్కటే. ఆ 65 నిమిషాలు సరిపోతాయా? సామాను హైదరాబాద్‌లో తీసుకుని మళ్లీ ఇవ్వాలా? – ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మొదటి విమానం వేళకు వస్తే సరిపోతాయి. కానీ మీ చేతిలో ఉన్నవి 65 నిమిషాలు కావు, 40. దేశీయ విమానాలకు బోర్డింగ్ గేటు సాధారణంగా బయలుదేరే వేళకు 25 నిమిషాల ముందే మూసేస్తారు. అంటే మీ గడువు 10.15 కాదు, 9.50. టికెట్ మీద కనిపించే 9.10 అనేది విమానం వచ్చి నిలబడే వేళ. తలుపు తెరవడం, మెట్లు దిగడం, బస్సెక్కడం అన్నీ ఆ తర్వాతే.

ఆ 40 నిమిషాల్లో ఏం జరుగుతుందో చూడండి. దిగడానికి 5 నిమిషాలు. బస్సు నిండేదాకా ఆగి టెర్మినల్ చేరేసరికి ఇంకో 10. ట్రాన్స్‌ఫర్ దగ్గర బోర్డింగ్ పాస్ చూపించి మళ్లీ సెక్యూరిటీ తనిఖీ చేయించుకోవాలి. దానికి 10 నుంచి 20 నిమిషాలు, వరుసను బట్టి. అక్కణ్నుంచి గేటుకు నడక 5 నుంచి 10. అన్నీ కలిపితే బాగుంటే అరగంట, లేకపోతే 45 నిమిషాలు. రాజమండ్రిలోనే విమానం పావుగంట ఆలస్యమైతే హైదరాబాద్‌లో పరుగు తప్పదు. అరగంట దాటితే ఆశ లేనట్టే. కనెక్షన్ ప్రయాణికులు ఎక్కువమంది ఉంటే రెండో విమానాన్ని కాసేపు ఆపిన సందర్భాలు లేకపోలేదు గానీ, దాన్ని నమ్ముకుని టికెట్ కొనకూడదు. ఇంత తక్కువ వ్యవధితో సంస్థ టికెట్ ఎలా అమ్మిందంటారా? తన లెక్కలో కనీస వ్యవధి ఉంటే చాలు, అమ్ముతుంది. ఆ లెక్క విమానం వేళకు వస్తుందన్న నమ్మకం మీద వేసింది.

సామాను సంగతికి వస్తే, పీఎన్ఆర్ ఒక్కటే కాబట్టి హైదరాబాద్‌లో ముట్టుకోనక్కర్లేదు. కానీ రాజమండ్రి కౌంటర్లో బ్యాగుకు కట్టే కాగితపు ట్యాగు మీద పెద్దక్షరాల్లో ఏముందో అక్కడే చూడండి. వారణాసి గుర్తు ‘వీఎన్ఎస్’ ఉండాలి. ‘హెచ్‌వైడీ’ అని మాత్రమే ఉంటే బ్యాగు హైదరాబాద్ బెల్టు మీదకే వస్తుంది, అప్పుడే మార్పించండి. రెండు ప్రయాణాల బోర్డింగ్ పాస్‌లూ అక్కడే కాగితం మీద తీసుకోండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే ట్రాన్స్‌ఫర్ దగ్గర తిప్పలు మీకే.

శంషాబాద్‌లో దిగాక ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. జనం వెంట నడుచుకుంటూ సామాను బెల్టులు దాటి బయటికి వెళ్లిపోతారు. అటునుంచి వెనక్కి రానివ్వరు. పై అంతస్తుకు వెళ్లి, గేటు దగ్గర ఐడీ చూపించి, సెక్యూరిటీ వరుసలో చివర నిలబడాల్సిందే. టెర్మినల్లోకి అడుగు పెట్టగానే ‘ట్రాన్స్‌ఫర్స్’ బోర్డు కోసం చూడండి. కనబడకపోతే బస్సు దిగినచోట ఉండే సంస్థ సిబ్బందిని అడగండి. తక్కువ వ్యవధి ఉన్నవాళ్లను ఒక్కోసారి వాళ్లే పేరు పెట్టి పిలుస్తారు.

సీటు గురించి ఓ మాట. ముందు సీటు తీసుకుంటే త్వరగా దిగొచ్చని అందరూ డబ్బు కడతారు. మీది ఏటీఆర్ (పంకాలతో ఎగిరే చిన్న విమానం) అయితే అది దండగ. ఏటీఆర్‌లో ప్రయాణికుల తలుపు వెనక ఉంటుంది, ముందు భాగంలో సామాను గది. కాబట్టి చివరి వరుసల వాళ్లే మొదట దిగుతారు. పెద్ద జెట్‌లో ఏరోబ్రిడ్జ్ (తలుపు నుంచి నేరుగా టెర్మినల్లోకి నడిచే వంతెన) పెడితే ముందు వరుసలు నయం. బస్సులో వెళ్లాల్సి వస్తే ఎక్కడ కూర్చున్నా ఒకటే, బస్సు నిండేదాకా కదలదు.

ఇంకా బుక్ చేయకపోతే, అదే పీఎన్ఆర్‌లో రెండు గంటల వ్యవధి ఉన్నది వెతకండి. పెద్దవాళ్లతో వెళ్తున్నారు కదా.

ప్రశ్న: శ్రీనగర్ వెళ్లడానికి ఓ బుకింగ్ సైట్‌లో చవగ్గా దొరికింది. విజయవాడ నుంచి ఢిల్లీ ఒక సంస్థ, ఢిల్లీ నుంచి శ్రీనగర్ ఇంకో సంస్థ. మధ్యలో 1 గంట 50 నిమిషాలు. జనవరిలో ప్రయాణం. తీసుకోమంటారా? – ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దు. సైట్ రెంటినీ ఒకే తెర మీద, ఒకే ధరతో చూపించినా, సంస్థలు వేరు, పీఎన్ఆర్‌లు వేరు అయితే అవి రెండు వేర్వేరు ప్రయాణాలే. చిన్నక్షరాల్లో ‘సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్’ అని ఉంటే అర్థం అదే. ఢిల్లీలో మీ బ్యాగు మీరే బెల్టు మీద తీసుకుని, బయటికి వచ్చి, రెండో సంస్థ కౌంటర్లో మళ్లీ ఇవ్వాలి. ఆ కౌంటర్ బయలుదేరే వేళకు 60 నిమిషాల ముందు మూసేస్తారు. మీ 110 నిమిషాల్లోంచి 60 తీసేస్తే మిగిలేది 50. అందులోనే దిగాలి, బ్యాగు రావాలి, టెర్మినల్ మారాలి.

టెర్మినల్ మాట ఎందుకంటున్నామంటే, ఢిల్లీలో మూడున్నాయి. టీ2, టీ3 పక్కపక్కనే, నడిచిపోవచ్చు. టీ1 మాత్రం వేరే దిక్కున, రోడ్డు మీద వెళ్లాలి. టీ1లో దిగి టీ3లో ఎక్కడమంటే సికింద్రాబాద్‌లో దిగి కాచిగూడలో రైలెక్కడం లాంటిదే. పై ప్రయాణం టికెట్ చూపిస్తే ఉచిత షటిల్ బస్సు ఉంది. కానీ బస్సు కోసం ఆగడం, దారి, ట్రాఫిక్ కలిపి ముప్పావు గంట పక్కన పెట్టుకోవాలి. ఒకే సంస్థ విమానాలు కూడా వేర్వేరు టెర్మినళ్ల నుంచి వెళ్లొచ్చు, చివర్లో మారొచ్చు కూడా. అందుకే ముందురోజు రాత్రి సంస్థ పంపిన మెసేజ్‌లో టెర్మినల్ నంబర్ మళ్లీ చూసుకోండి. ముంబైలోనూ టీ1, టీ2 మధ్య ఇదే ఇబ్బంది.

ఇక జనవరి. డిసెంబరు సగం నుంచి జనవరి చివరిదాకా ఢిల్లీలో తెల్లవారుజామున పొగమంచు. తొలి విమానాలు ఆలస్యమైతే ఆ ప్రభావం మధ్యాహ్నం దాకా ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉంటుంది. శ్రీనగర్‌లోనూ ఆ నెలలో మంచు కురుస్తుంది. రెండు టికెట్లే కొనాల్సి వస్తే ఢిల్లీలో కనీసం 4 గంటలు ఉంచుకోండి, పొద్దున్నే దిగేలా పెట్టుకోకండి. లేహ్ వెళ్లేవాళ్ల సంగతి ఇంకా వేరు. అక్కడ మధ్యాహ్నం గాలులు బలంగా వీస్తాయి కాబట్టి విమానాలు ఎక్కువగా పొద్దుటిపూటే. ఒకటి తప్పితే మర్నాడే దిక్కు. ముందురోజు రాత్రే ఢిల్లీ చేరి పడుకోవడం ఉత్తమం.

ప్రశ్న: మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే డబ్బులు ఎవరిస్తారు? – ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: ఒకే టికెట్ అయితే గమ్యం చేర్చే బాధ్యత సంస్థదే. తర్వాతి విమానంలో అదనపు ఛార్జీ లేకుండా పంపాలి. ఎదురుచూపు ఎక్కువైతే భోజనం అడగండి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో నష్టపరిహారం కూడా ఉంది: ప్రయాణ వ్యవధి గంట లోపైతే 5,000 రూపాయలు, 2 గంటల లోపైతే 7,500, ఆపైన 10,000. లేదా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. వీటిలో ఏది తక్కువైతే అది. అయితే పొగమంచు, తుఫాను, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఆంక్షలు వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు ఈ పరిహారం వర్తించదు. అందుకే ఆలస్యానికి కారణం ఏమని చెప్పారో ఆ మెసేజ్ చెరిపేయకండి. రెండు బోర్డింగ్ పాస్‌లూ దాచండి. సంస్థ పట్టించుకోకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టొచ్చు.

తప్పిందని తెలిసిన క్షణం నుంచి ఖాళీ సీట్లు తగ్గిపోతుంటాయి. కౌంటర్ వరుసలో నిలబడి ఉండగానే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. ఏది ముందు పలికితే అదే.

వేర్వేరు టికెట్లయితే రెండో సంస్థ దృష్టిలో మీరు ‘నో షో’, అంటే రాని ప్రయాణికులు. టికెట్ పోయినట్టే. కానీ అందులోని ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయం కోసం వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు తిరిగి రావాలి, అడిగి తీసుకోండి. మొదటి విమానం బాగా ఆలస్యమని ఇంటి దగ్గరే తెలిస్తే, గడువు దాటకముందే రెండోది మార్చుకోండి. మార్పు ఛార్జీ, ధరల తేడా పడినా పూర్తిగా పోవడం కంటే నయం.

ప్రశ్న: అమ్మకు మోకాళ్ల నొప్పి. వీల్‌చైర్ పెట్టించుకుంటే కనెక్షన్ త్వరగా అందుతుందంటున్నారు, నిజమేనా? – ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సగం నిజం. సెక్యూరిటీ దగ్గర వీల్‌చైర్ వాళ్లను సాధారణంగా త్వరగా పంపిస్తారు. కానీ విమానం నుంచి అందరికంటే చివర దింపుతారు, పైగా కుర్చీ వచ్చేదాకా ఆగాలి. రెండూ చెల్లుకు చెల్లు. రెండు గంటల లోపు కనెక్షన్ పెట్టుకోకండి. 48 గంటల ముందే చెప్పి ఉంచండి. చెప్పేటప్పుడు ఆమె మెట్లెక్కగలరా లేదా అన్నది స్పష్టంగా చెప్పాలి. మెట్లెక్కలేరంటే ర్యాంపో లిఫ్టో ఏర్పాటు చేస్తారు. నడవగలరని రాయించి, తీరా ఏటీఆర్ మెట్ల దగ్గర ఆగిపోతే అక్కడే పావుగంట పోతుంది.

ప్రశ్న: ఆవకాయ చేతి బ్యాగులో తీసుకెళ్లొచ్చా? – ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: కనెక్షన్ ఉన్న ప్రయాణంలో అసలొద్దు. మొదటి ఊళ్లో వదిలేసినా, ట్రాన్స్‌ఫర్ సెక్యూరిటీలో మళ్లీ స్కానర్ ఉంది. కారం పచ్చడి కనబడితే బ్యాగు పక్కకు లాగుతారు, తెరవమంటారు, సీసా అక్కడే పోవచ్చు. మీ వెనక వాళ్లు ముందుకెళ్లిపోతారు. రెండు పొరల కవరులో కట్టి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. పవర్ బ్యాంక్ మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం, చేతి బ్యాగులోనే ఉండాలి. మందులు, ఒక జత బట్టలు కూడా అందులోనే. మీరు పరిగెత్తి విమానం అందుకున్నా, బ్యాగు అందుకోలేకపోవచ్చు. అలా జరిగితే దిగిన విమానాశ్రయం దాటి బయటికి రాకముందే బెల్టు పక్కనున్న కౌంటర్లో ఫిర్యాదు రాయించి, ట్యాగు నంబరు ఇచ్చి, కాపీ తీసుకోండి.